ఎన్నో ఫారం నడుస్తోంది?

ఇప్పుడు పుస్తకం వేసుకోవాలంటే ఫైలు పంపితే చాలు. నాలుగు రోజులు ఆగితే అట్టపెట్టెలు ఇంటికొస్తాయి. యాభై కాపీలు కావాలంటే యాభయ్యే వేస్తారు. నేను మొదటి కథల పుస్తకం వేసుకున్నది 1982 చివర్లో మొదలై 1983 వానల దాకా సాగిన కాలం. అప్పట్లో పుస్తకం ఒక్కసారిగా వచ్చేది కాదు, పదహారేసి పేజీల చొప్పున ఫారం ఫారంగా వచ్చేది. అందుకే బజార్లో తెలిసినవాళ్లు ఎదురైతే పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగేవారు కాదు. "ఎన్నో ఫారం నడుస్తోంది టీచర్ గారూ?" అనేవారు. తెనాలిలో అచ్చాఫీసు మాటలు అందరికీ అంతో ఇంతో తెలుసు. చక్రపాణిగారు, కొడవటిగంటి కుటుంబరావుగారు పుట్టిన ఊరు మాది. పుస్తకం వేయడమంటే పెళ్లి చేయడమంత పని అని ఊళ్లో అందరికీ ఎరుకే.

కథలన్నీ అంతకుముందు వారపత్రికల్లో వచ్చినవే. పత్రికకి పంపేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయాలి, పక్కన అంచు వదలాలి, తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జతచేయాలి. కార్బన్ పెట్టి ఒక నకలు ఇంట్లో ఉంచుకోవాలి, పోస్టులో పోయిందంటే కథ పోయినట్టే కనక. పదిహేను పైసల కార్డు మీద "మీ కథ ప్రచురణకు స్వీకరించాం" అన్న ఒక్క వాక్యం వచ్చాక కూడా నెలల తరబడి ఎదురుచూపే. అచ్చయ్యాక పారితోషికం మనియార్డరుగా వచ్చేది. డబ్బు ఖర్చయిపోయేది, అడుగున చింపి ఇచ్చే కూపన్ ముక్క మాత్రం బీరువాలో దాచుకునేదాన్ని.

పుస్తకం సంగతి వేరు. ఎమెస్కో, నవోదయ వంటి పెద్ద ప్రచురణ సంస్థలు ఉండేవి, సీరియల్‌గా పేరు తెచ్చుకున్న నవలలకి అద్దె లైబ్రరీల గిరాకీ ఉండేది. కథల సంపుటి, అదీ కొత్తవాళ్లది, వేయడానికి ఎవరో ముందుకొస్తారని ఎదురుచూడలేం. భక్తి పుస్తకమైతే తిరుమల తిరుపతి దేవస్థానం సహాయం చేసేది. సాహిత్యానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆర్థిక సహాయం ఉండేది కానీ, 1983లో అకాడమీలే రద్దయ్యాయి. చాలామంది తొలి రచయితల్లాగే మేమూ సొంతంగానే వేసుకున్నాం. మావారు చీటీ పాడి డబ్బు తెచ్చారు.

కాగితం లెక్క ఆ రోజుల్లో మా ఇంట్లో పాల లెక్కంత మామూలుగా నడిచేది. క్రౌన్ సైజు పుస్తకం వెయ్యి కాపీలు వేయాలంటే పదహారు పేజీల ఫారానికి డబుల్ క్రౌన్ కాగితం ఒక రీము పడుతుంది. మా కథలు 160 పేజీలు, అంటే 10 ఫారాలు, 10 రీములు. మెషీన్ మీద పాడయ్యే కాగితానికి ఇంకాస్త. రాజమండ్రి కాగితమా, సిర్పూర్ కాగితమా అని మావారు దుకాణంలో షీటు పట్టుకుని వెలుతురుకి అడ్డంగా చూసి, వేళ్లతో రాసి, చప్పుడు విని కొన్నారు. ఆ రీములు ముందుగా మా వసారాలోనే దిగాయి. వాన తగలకుండా, చెమ్మ ఎక్కకుండా చెక్కబల్ల మీద పెట్టి పైన దుప్పటి కప్పాం. పుస్తకం కాబోయే తెల్లకాగితం పక్కనే నెలల తరబడి భోజనాలు చేశాం మేము.

అచ్చాఫీసు నేను బడికి వెళ్లే దారిలోనే. ముందు గదిలో యజమాని బల్ల, దాని మీద శుభలేఖల నమూనాలు. వెనక గదిలో సిలిండర్ మెషీను, ఒక ట్రెడిల్. ఆ పక్కన కంపోజింగ్ గది. ఇంగ్లీషుకైతే రెండు కేసులతో, అంటే అక్షరాల గళ్ల పెట్టెలతో, పని జరిగిపోతుంది. తెలుగుకి అలా కుదరదు. గుణింతాలకి వేర్వేరు అచ్చులు, కింద తగిలించే వత్తులు మళ్లీ వేరే. కంపోజిటర్ తన చుట్టూ కేసులు నిలబెట్టుకుని మధ్యలో నిలుచునేవారు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కళ్లు నా దస్తూరి మీద, కుడిచెయ్యి తనంతట తనే గళ్లలోకి వెళ్లి అక్షరం తెచ్చేది. ఏ గడిలో ఏముందో రాసి ఉండదు. అక్షరాలన్నీ స్టిక్కులో తలకిందులుగా నిలబడతాయి, ఆయన వాటిని అలాగే గడగడా చదివేవారు. వరుస నిండాక స్పేసులు దోపి బిగించడం, స్టిక్కు నిండాక గ్యాలీ పళ్లెంలోకి దించడం, గ్యాలీ నిండాక పురికొసతో కట్టి, సిరా రుద్ది, తడి కాగితం వేసి ప్రూఫ్ లాగడం. ఆ తడి ప్రూఫు నాలుగు మడతలుగా పెట్టి నాకిచ్చేవారు. బడి వదిలాక నా సంచిలో పిల్లల కాంపోజిషన్ పుస్తకాల మధ్య అది కూడా ఇంటికొచ్చేది.

చిన్న ప్రెస్సుల్లో టైపు ఎక్కువ ఉండదు. ఒక ఫారానికి సరిపడా, మహా అయితే రెండు ఫారాలకి. మూడో ఫారం అచ్చయి, కిరసనాయిలుతో కడిగి, టైపు విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేస్తే తప్ప ఐదో ఫారానికి అక్షరాలు లేవు. అందుకని ప్రూఫు ఇంట్లో రెండు రోజులుంచుకుంటే సీసమంతా కట్టుబడిపోయి ప్రెస్సు ఆగిపోతుంది. సంభాషణలు ఎక్కువున్న కథకి కొటేషన్ గుర్తులు చాలేవి కావు. ఏదైనా అక్షరం గడిలో అయిపోతే దాని బదులు అంతే మందమున్న మరో అక్షరాన్ని తిరగేసి పెట్టేవారు, ప్రూఫులో అక్కడ నల్లటి చదరపు మచ్చ పడేది. అక్షరం దొరికాక మార్చేవారు. మొదటి కథలో "అమ్మ" అయిన సీసపు ముక్కలే ఏడో కథలో మళ్లీ "అమ్మ" అయ్యాయేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

పెద్ద కంపోజిటర్‌కి అరవై దగ్గరపడి ఉండాలి. కళ్లద్దాలకి దారం కట్టుకుని మెడలో వేసుకునేవారు. నా కథలు ఆయన చదివారని అనడం సరిపోదు. పొల్లు పొల్లుగా, వత్తు వత్తుగా ఏరి నిలబెట్టారు. ఏ పాఠకుడూ అంత నెమ్మదిగా చదవడు. నాలుగో కథలో పుట్టింటి నుంచి వెళ్లిపోయిన పిల్ల ఒకతె ఉంటుంది. ఆ కథ సగం దగ్గర ఫారం అయిపోయింది. మర్నాడు నేను కనిపించగానే ఆయన అడిగిందిది: "టీచర్ గారూ, ఆ అమ్మాయి మళ్లీ వస్తుందాండీ? మిగతా కాపీ ఇంకెవరికీ ఇవ్వొద్దని ఫోర్‌మన్ గారికి చెప్పి పెట్టాను." ఏం జరుగుతుందో నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. కేసు ముందు నిలబడి తనే తెలుసుకుంటారట.

ఇంకొకటి. నా కథల్లో మనుషులు మా వైపు మాటే మాట్లాడతారు. "ఎల్తన్నా", "సూడు", "ఏందమ్మే" అంటారు. ప్రెస్సులో పాఠ్యపుస్తకాలకి అలవాటుపడ్డ ప్రూఫ్ రీడర్ ఒకాయన వాటిని చక్కగా "వెళ్తున్నాను", "చూడు" అని దిద్దిపెట్టారు. గ్యాలీ ప్రూఫు నా చేతికి వచ్చేసరికి ఆ దిద్దుబాటు ఒక్కటీ అమలు కాలేదు. పెద్ద కంపోజిటర్ వాటిని పక్కన పెట్టి, "ఇది మా ఇంట్లో మాట టీచర్ గారూ, తప్పెలా అవుద్ది?" అన్నారు. నా భాషని నాకంటే ముందు కాపాడినవారు ఆయన. విమర్శకులు తర్వాత ఆ పుస్తకంలో మాట గురించి రెండు మంచి ముక్కలు రాశారు, అందులో ఆయన వాటా ఎంతో ఎవరికీ తెలియదు. పుస్తకంలో ప్రెస్సు పేరుంటుంది, కంపోజిటర్ పేరుండదు. అది అన్యాయమని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ప్రూఫులు దిద్దాలంటే ఇద్దరు కావాలి. ఒకరు అసలు ప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు చూడాలి. రాత్రి భోజనాలయ్యాక మావారు చదివేవారు, నేను దిద్దేదాన్ని. కథని కథలా చదివితే కుదరదు. "తలుపు దగ్గర నిలబడింది ఫుల్‌స్టాప్ లోపలికి రమ్మని కామా కూర్చోమని కామా ఎవరూ అనలేదు ఫుల్‌స్టాప్ కొత్త పేరా." కరెంటు పోతే లాంతరు. మా అత్తగారు గోడకి చేరబడి చింతపండు గింజ తీస్తూ వినేవారు. ఆవిడ చదువు రామాయణం, భారతం దగ్గర ఆగింది, పత్రికల్లో నా కథలు ఎప్పుడూ చూడలేదు. కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా నా పుస్తకమంతా ఆవిడ విన్నది ఆ రాత్రుల్లోనే.

ఒక రాత్రి ఐదో కథ అయ్యాక చాలాసేపు ఊరుకుని అన్నారు. "ఆ అత్తగారికి కూడా ఒక కష్టం ఉండుంటుంది కదమ్మా. దాని మాటే లేదేం?" నేను ఆ రాత్రంతా ఆలోచించాను. గ్యాలీలో ఉన్నంతవరకే మార్పుకి వీలు, పేజీలు కట్టాక ఒక మాట చేర్చాలంటే అన్ని అక్షరాలున్న ఇంకో మాట తీసేయాలి. మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లి ఒక్క వాక్యం రాసిచ్చాను. పెద్దాయన ఆ పేరా చివరిదాకా వరుసలన్నీ విప్పి మళ్లీ సర్దారు. ఆ కథ గురించి మాట్లాడినవాళ్లంతా ఆ వాక్యం దగ్గరే ఆగుతారు.

ఇక ఆలస్యాల సంగతి. 1983 జనవరి 5న శాసనసభ ఎన్నికలు. అంతకుముందు మార్చిలో పుట్టిన తెలుగుదేశం పోటీలో ఉంది. ఊరూ వాడా మాటలన్నీ దాని గురించే. డిసెంబరు మొదలయ్యేసరికి ప్రెస్సులన్నీ కరపత్రాలు, వాల్‌పోస్టర్లతో నిండిపోయాయి. పెద్ద చెక్క అక్షరాలు బయటికొచ్చాయి. రాత్రీ పగలూ మెషీన్ ఆగలేదు. నా నాలుగో ఫారం గ్యాలీలు పురికొసతో కట్టి బల్ల కింద పెట్టారు. ఎన్నికలయ్యాయి, సంక్రాంతి వచ్చింది, మాఘమాసం ముహూర్తాలకి శుభలేఖలు పడ్డాయి. ఆ తర్వాత బళ్లలో వార్షిక పరీక్షల ప్రశ్నపత్రాలు. అవి అచ్చయ్యే రోజుల్లో లోపలికి ఎవర్నీ రానివ్వరు. యజమాని మీద నాకు కోపం రాలేదు. ప్రెస్సు బతికేది శుభలేఖల మీద, కథల మీద కాదు.

ఎండాకాలం ఇంకో చిక్కు తెచ్చింది. సిరా పూసే రోలర్లు సరేసు, బెల్లపు పాకం కలిపి పోతపోసేవి. మా వైపు ఎండలకి అవి మెత్తబడి జారిపోయేవి, అచ్చు మసకబారేది. మే నెలలో తెల్లవారుజామున మెషీన్ తిప్పి, ఎండెక్కేసరికి ఆపేసేవారు. సెలవులు కనక నేనూ ఆ వేళకే వెళ్లేదాన్ని. వీధి మొదట్లోనే చప్పుడు వినిపిస్తే చాలు, సిలిండర్ తిరుగుతోందా, ట్రెడిలా అని పోల్చుకోవడం వచ్చేసింది. సిలిండర్ అయితే నా ఫారం. ట్రెడిల్ అయితే ఎవరిదో పెళ్లి.

ఇంట్లో ఒక్క ప్రూఫు కాగితం కూడా పొయ్యిలోకి పోలేదు. మా అమ్మాయి వాటి వెనకవైపు లెక్కలు చేసుకునేది, మందం కాగితమైతే నోటుపుస్తకాలకి అట్టలు వేసుకునేది. దాని తరగతి పిల్లలు ఆ అట్టల మీద నా కథ మధ్యలోంచి అరపేజీ చదివి, ముందేమైంది, తర్వాతేమైందని దాన్ని అడిగేవారట. బళ్లో తోటి టీచర్లు ఫారాల లెక్క అడిగేవారు. కిరాణా కొట్టాయన అడిగేవాడు. చీటీ కట్టించుకునే ఆవిడైతే మరీనూ, తన డబ్బుతోనే పుస్తకం వస్తోందని నలుగురికీ చెప్పేది. రచయిత ఒంటరిగా ఎదురుచూస్తుందని ఎవరైనా అంటే నాకు అర్థం కాదు. నా పుస్తకం కోసం ఒక వీధంతా ఎదురుచూసింది.

ముందుమాట కోసం మాత్రం నేనొక్కదాన్నే. హైదరాబాదులో ఉన్న ఒక పెద్ద రచయితకి కథలన్నీ కట్టకట్టి రిజిస్టరు పోస్టులో పంపాను. కట్ట అందినట్టు సంతకంతో ఎక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగొచ్చింది, ఆ తర్వాత మాటా పలుకూ లేదు. మళ్లీ రాయడానికి మొహమాటం. తెలుగునాట ముందుమాటలు రచయితల్ని ఏడిపించడం కొత్త కాదు, ఒక్కోసారి ముందుమాటే పుస్తకం కోసం ఎదురుచూడటమూ ఉంది. "మహాప్రస్థానం"కి చలం 1940లోనే "యోగ్యతాపత్రం" రాసిచ్చారు, పుస్తకం 1950లో గానీ రాలేదు. ప్రెస్సులవాళ్లు ఈ ఎదురుచూపుకి ఉపాయం కనిపెట్టారు. కథలు ఒకటో పేజీ నుంచి అచ్చు వేసుకుంటూ పోయేవారు. లోపలి అట్ట, అంకితం, ముందుమాట, విషయసూచిక ఉన్న పేజీలు అన్నిటికన్నా చివర అచ్చు వేసేవారు. పాత తెలుగు పుస్తకాల్లో ముందు పేజీలకి అంకెలు వేరుగా ఉండటానికి కారణం ఇదే. ఆయన ముందుమాట జూన్‌లో వచ్చింది. మెచ్చుకున్నారు, రెండు కథల ముగింపులతో పేచీ పెట్టుకున్నారు. పేచీతో సహా అచ్చు వేయించాను.

అట్టకి బాపు బొమ్మ, బాపు అక్షరాలు ఉండాలని ఆ కాలపు ప్రతి కొత్త రచయితా కలగన్నారు. ఆయన మద్రాసులో, మేము తెనాలిలో. మా బడి డ్రాయింగ్ మాస్టారు నీళ్లబిందె మోసే స్త్రీ బొమ్మ రెండు రంగుల్లో వేసిచ్చారు. ఒక్కో రంగుకి ఒక్కో జింకు బ్లాకు కావాలి. మావారు పాసింజరులో బెజవాడ వెళ్లి బ్లాకులు చేయించుకొచ్చారు. యాసిడ్‌తో తినిపించిన జింకు రేకు, టైపు ఎత్తుకి సరిపడా కింద చెక్క. ఆ చెక్కలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి.

బైండింగ్‌కి ముందు ఫారాలు మడవాలి. ఆ పని ఆడవాళ్లది. ఇంటి వసారాలో చాపలేసుకుని కూర్చుని, చిన్న చెక్క బద్దతో గీసి మడతలు పెట్టేవారు, వందకి ఇంతని కూలి. వాళ్లలో చాలామందికి చదువు రాదు, కాగితం అడుగున ఉండే ఫారం అంకె చూసి వరస తప్పకుండా ఏరేవారు. ఒకామె నన్ను చూసి, "ఈ పుస్తకం ఆడమనిషి రాసిందంటగా, నువ్వేనా అమ్మా?" అని అడిగి, పక్కనామెకి చూపించి, మడతపెట్టిన ఫారం ఒకసారి చేత్తో నిమిరి పక్కన పెట్టింది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన జిగురుతో అట్ట అంటించేవారు. చివరికి మూడు వైపులా కోత. కట్ట విప్పగానే వచ్చేది ఆ మైలతుత్తం వాసనే, సిరా వాసన తర్వాత.

అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుల పేరు, ప్రచురణకర్త పేరు, ఊరు ఉండాల్సి ఉండేది. ప్రచురణకర్తగా ఎవరి పేరు వేయాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. చాలామంది భార్య పేరో, పిల్లల పేరో వేసేవారు. మేము మా అత్తగారి పేరు వేశాం. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్తే కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరా గ్రంథాలయానికి, బొంబాయికి, ఢిల్లీకి తలా ఒక కాపీ పంపాలి. జతచేసే ఉత్తరాల మీద ఆవిడ వరసగా సంతకాలు పెట్టారు. ఊరు దాటి గుంటూరు కూడా అరుదుగా వెళ్లే మనిషి. ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో ఒక్కొక్క పేరూ చదివించుకుని మరీ పెట్టారు. పోస్టాఫీసుకి మాతో తనూ వచ్చారు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. మంచం కింద, అటక మీద కట్టలు. బెజవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో మూడో వంతు పైగా కమీషన్. బుక్ పోస్టులో సమీక్షలకి పంపడం. జిల్లా గ్రంథాలయ సంస్థల చుట్టూ తిరగడం. కాపీలు ఎన్నేళ్లకో అయిపోయాయి.

తొంభైల్లో కంప్యూటర్లు వచ్చాయి. డీటీపీ సెంటర్ బోర్డులు ప్రెస్సు బోర్డులకన్నా ఎక్కువయ్యాయి. టైపుని కిలోల లెక్కన కరిగించడానికి అమ్మేశారు, కేసులు ఎవరో బటన్లు పెట్టుకోవడానికి కొనుక్కుపోయారు. నేను ఆ మార్పుని తప్పుపట్టను. చీటీ పాడనక్కర్లేకుండా, ఎవరి దయా లేకుండా ఇవాళ ఎంతమంది ఆడపిల్లలు పుస్తకాలు వేసుకుంటున్నారో చూస్తే సంతోషంగా ఉంటుంది. నా రెండో పుస్తకం కూడా కంప్యూటర్ మీదే అయింది, లేజర్ ప్రింటు మీద ప్రూఫులు నేనొక్కదాన్నే చూసుకున్నాను.

పెద్ద కంపోజిటర్ అప్పటికి పని మానేసి, కొడుకు శుభలేఖల దుకాణంలో కూర్చుంటున్నారు. నా పుస్తకం వచ్చిందని విని, నేను తీసుకెళ్లేలోపే తనే కొనుక్కున్నారు. నేను వెళ్లేసరికి బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చారు. అచ్చుతప్పు ఉన్న ప్రతిచోటా అంచున పెన్సిల్‌తో, పాత ప్రెస్సు గుర్తులతోనే దిద్ది ఉంది. మొదటి పుస్తకంలో ఒక్క తప్పొప్పుల పట్టిక కూడా వేయలేదని గుర్తుచేశారు. ఆ కాపీ అడిగి తెచ్చుకుని, ఆయన దిద్దినవన్నీ రెండో ముద్రణలో సరిచేయించాను. ఈసారి ఆయన పేరు వెనక పేజీలో వేయించాను, ముద్రాపకుల పేరు పైన.